ఆప్లే సర్కార్ సేవలు: గోదారి గట్టు తెలుగువాళ్లు వాడేముందు తెలుసుకోవాల్సినవి

ముందే మార్కులు వేసేద్దాం. మహారాష్ట్ర సేవా హక్కు చట్టానికి పదికి ఎనిమిది. దాన్ని జనానికి అందించే ఆప్లే సర్కార్ ("మన సర్కారు" అని అర్థం) పోర్టల్‌కీ, సేవా కేంద్రానికీ అయిదు. అపీలు ఏర్పాటుకి మూడు, అదీ మొహమాటానికి. సమాచార హక్కుకి కాగితం మీద తొమ్మిది, సమాచార కమిషన్ మెట్లెక్కాక నాలుగు. ఈ తేడాలు ఎక్కడ పుడుతున్నాయని వెతికితే తేలేది ఒకటే: తేదీ వేసిన రసీదు మీ చేతిలో ఉన్న చోట సర్కారు జవాబు చెప్తుంది, లేని చోట చెప్పదు.

ఇది గడ్చిరోలి జిల్లా సిరొంచ, చంద్రపూర్ జిల్లా రాజురా, జివతి, నాందేడ్ జిల్లా కిన్వట్, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు తెలుగువాళ్ల కోసం. ఇంట్లో, బజారులో తెలుగు. ఆఫీసు గడప దాటితే ప్రతి కాగితం మరాఠీ. సిరొంచలో వంతెన దాటితే కాళేశ్వరం, జిల్లా కేంద్రం గడ్చిరోలికి మాత్రం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. "పోయి కలెక్టర్‌నే అడుగుతం" అనడం తేలిక, కానీ దానికి రెండు రోజుల కూలి, రానుపోను చార్జీలు పోతాయి. కాబట్టి కాగితం తాలూకాలోనే సరిగ్గా పడాలి.

సేవా హక్కు చట్టం 2015 ఏప్రిల్ 28 నుంచి అమల్లో ఉంది. ఇలాంటి చట్టం దేశంలో మొదట తెచ్చింది మధ్యప్రదేశ్, 2010లో. ఫలానా పని ఇన్ని రోజుల్లో చేసివ్వాలి, చేయకపోతే పై అధికారికి అపీలు, తప్పు తేలితే జీతంలోంచి జరిమానా. ఇంతే దీని సారం. ఉదాహరణకు ఆదాయం దాఖలాకి, అంటే సర్టిఫికెట్‌కి, గడువు 15 రోజులు, వయసు, నివాసం దాఖలాకీ అంతే. ఏ ఆఫీసు ఏ సేవ ఎన్ని రోజుల్లో ఇస్తుందో, ఇవ్వాల్సిన అధికారి ఎవరో, అపీలు ఎవరికో బోర్డు రాసి పెట్టాలి. మొదటిసారి పోయినప్పుడు ఆ బోర్డుని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. అపీలు రాసేటప్పుడు కావాల్సిన సగం వివరాలు దాని మీదే ఉంటాయి.

ఒక మెలిక ఉంది. ఈ చట్టం "అధిసూచిత సేవల"కే వర్తిస్తుంది, అంటే సర్కారు జాబితాలో ప్రకటించిన వాటికే. వీధి లైటు వెలగలేదు, రోడ్డు కొట్టుకుపోయింది, డాక్టరు రాలేదు అనేవి దీని కిందికి రావు. వాటి దారి వేరు, అది కింద చెప్తాం. చాలామంది ఇక్కడే బోల్తా పడి "ఈ చట్టం ఉత్తదే" అని తిట్టుకుంటారు.

దరఖాస్తు రెండు రకాలు. ఫోన్ నంబరు, ఓటీపీతో పోర్టల్‌లో ఖాతా తెరిచి మీరే పెట్టుకోవచ్చు. లేదా ఆప్లే సర్కార్ సేవా కేంద్రానికి పోవచ్చు, జనం నోట ఇంకా అది "సేతు"నే. సేతులో రుసుము 2025లో పెంచారు. పాత అంకె 33 రూపాయల 60 పైసలు తలలో పెట్టుకుని గొడవ పడొద్దు, బోర్డు మీద ఉన్న అంకె చూసి అంతే ఇవ్వండి, దానికి రసీదు అడగండి. ఒకటి గట్టిగా గుర్తుంచుకోండి: ఈ దాఖలాల కోసం పెట్టే ప్రమాణపత్రానికి (అఫిడవిట్‌కి) స్టాంపు పేపరు అక్కర్లేదు. 2004లోనే ఆ సుంకం మాఫీ చేశారు. అయినా తహసీల్ బయట స్టాంపు పేపర్ల గిరాకీ ఎన్నడూ తగ్గలేదు, అది వేరే సంగతి.

పోర్టల్‌లో మొదటి దెబ్బ ఫైలు సైజు దగ్గర తగులుతుంది. కాగితాలు 75 కేబీకి తక్కువ కాకుండా, 500 కేబీకి మించకుండా ఉండాలి. ఫోటో 5 నుంచి 20 కేబీ, వెడల్పు 160 పిక్సెళ్లు, ఎత్తు 200 నుంచి 212. ఫోన్‌లో తీసిన ఆధార్ ఫోటో రెండు మూడు ఎంబీ ఉంటుంది. దాన్ని వాట్సాప్‌లో మనకు మనమే పంపుకుని కుదిస్తే ఒక్కోసారి 60 కేబీకి పడిపోతుంది, అప్పుడు "చిన్నదైంది" అని తోసేస్తుంది. పెద్దదైనా తప్పే, చిన్నదైనా తప్పే. 200 కేబీ దగ్గర నిలబెడితే ఏ ఇబ్బందీ ఉండదు. స్కాన్‌లో గుండ్రటి ముద్ర అంచులు, సంతకం పూర్తిగా కనిపించాలి. ముద్ర సగం తెగిందని వెనక్కి పంపడం మామూలే.

రెండో దెబ్బ పేరు దగ్గర. తెలుగువాళ్లకు ఇదే అసలు గండం. ఇంగ్లిష్ గడిలో పేరు కొడితే మరాఠీ గడిలో దానంతట అదే పడుతుంది, కానీ ఇంగ్లిష్ అక్షరానికి ద, డ తేడా తెలియదు. బండారి అని కొడితే బందారి అని పడొచ్చు. ళ పోయి ల రావచ్చు. సేతులో కూర్చున్న పిల్లగాడు అది చూసుకోడు, వెనక ఇరవై మంది లైన్లో ఉంటారు. "సమర్పించు" నొక్కేముందు స్క్రీను తిప్పమని అడిగి మరాఠీ గడిని అక్షరం అక్షరం చదవండి. మరాఠీ చదవడం రాకపోతే మరాఠీ బడిలో చదివే మీ పిల్లని వెంట తీసుకుపోండి, ఎనిమిదో తరగతి పిల్ల చాలు.

పేరు వరసా అంతే. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు, పేరు, అంతే. మరాఠీ పద్ధతిలో ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు. బడి టీసీలో ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు, రేషన్ కార్డులో ఇంటిపేరే ఉండదు. మూడు కాగితాల్లో మూడు పేర్లు కనిపిస్తే "త్రుటి" (మరాఠీలో లోపం) అని కొట్టి పంపుతారు. దీనికి ఒక స్వయం ప్రకటన ముందే జత చేయండి: ఈ మూడు కాగితాల్లో ఉన్న ఈ మూడు పేర్లూ నావే అని, ఒక్కో కాగితం పేరు, నంబరు రాసి. సొంత ప్రకటన, సొంత ధ్రువీకరణ చాలని 2015లోనే ఉత్తర్వు వచ్చింది. త్రుటి వచ్చాక అతికించే బదులు మొదటి రోజే జత చేస్తే పదిహేను రోజులు కలిసొస్తాయి.

ఈ "త్రుటి" అనే మాట గురించి కొంచెం ఎక్కువే చెప్పుకోవాలి. దరఖాస్తులో లోపం ఉంటే అధికారి వెనక్కి పంపొచ్చు, అది న్యాయమే. అయితే ఆదాయం దాఖలా గడువు 15 రోజులైతే 14వ రోజున త్రుటి వస్తే ఏమనుకోవాలి? మీరు సరిచేసి మళ్లీ పెట్టాక లెక్క మళ్లీ మొదలైనట్టు నడుస్తుంది, వాళ్ల రికార్డులో ఆలస్యం ఎక్కడా కనిపించదు. ఇది చట్టంలో లేని కంత. వాడకంలో పుట్టింది, ఎవరూ పూడ్చలేదు. విరుగుడు ఉంది. త్రుటి వచ్చిన రోజే ఆ స్క్రీను తేదీతో సహా ప్రింటు తీసి పెట్టుకోండి. రెండోసారి కొత్త త్రుటి, అంటే మొదటిసారి చెప్పని లోపం చూపిస్తే, రెండు ప్రింట్లూ జత చేసి నేరుగా మొదటి అపీలు వేయండి. లోపాలన్నీ ఒకేసారి చెప్పకుండా ముక్కలు ముక్కలుగా చెప్పడం సేవ నిరాకరించడమేనని రాయండి. తిరస్కరిస్తే కారణం రాతలో ఇవ్వాలి, అపీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో అనేది కూడా అదే కాగితంలో చెప్పాలి. "సర్ నహీ మ్హణాలే" (సార్ కాదన్నారు) అని నోటితో చెప్పింది తిరస్కరణ కింద లెక్క కాదు.

కులం దాఖలా వేరే కథ. అది ఇచ్చేది తహసీల్దారు కాదు, ఉపవిభాగీయ అధికారి. సిరొంచవాళ్లకు ఆ ఆఫీసు అహేరిలో, ఆ రోడ్డు సంగతి తెలిసిందే. ఇక్కడ అడిగేది పాత నివాసం. ఎస్సీలైతే 1950 ఆగస్టు 10కి ముందు, ఎస్టీలైతే 1950 సెప్టెంబరు 6కి ముందు, విముక్త జాతులు, సంచార జాతులైతే 1961 నవంబరు 21కి ముందు, ఓబీసీలైతే 1967 అక్టోబరు 13కి ముందు మీ కుటుంబం ఇప్పటి మహారాష్ట్ర నేల మీదే ఉందని చూపాలి. తాత బడి దాఖలా రిజిస్టరు, జనన మరణాల పాత నమోదు, భూమి కాగితం, వీటిలో కులం రాసి ఉన్నది దొరికితే బంగారం. ఏ తేదీ మీకు వర్తిస్తుందో తెలియకుండా కాగితాలు ఏరడం మొదలుపెడితే దండగ.

ఆ పాత కాగితం ఎక్కడుంటుందన్నది తాలూకాని బట్టి మారుతుంది. గడ్చిరోలి జిల్లా పుట్టిందే 1982 ఆగస్టు 26న, అంతకుముందు అదంతా చంద్రపూర్, అంటే పాత చాందా. సిరొంచ నిజాం చేతిలోంచి 1860లో ఇంగ్లిష్‌వాళ్లకు పోయింది, తర్వాత మధ్య ప్రాంతాల్లో కలిసింది. కాబట్టి సిరొంచవాళ్ల పాత రికార్డు చంద్రపూర్ వైపు వెతకాలి. కిన్వట్, రాజురా 1956 దాకా హైదరాబాద్ రాజ్యంలో ఆదిలాబాద్ జిల్లా తాలూకాలు. అక్కడివాళ్ల బడి రిజిస్టర్లు ఉర్దూలో ఉంటాయి, భూమికి 1954-55 ఖాస్రా పహాణీ చూడాలి. ఉర్దూ కాగితం నకలు మీద అనువాదం, అనువదించిన వాడి సంతకం లేకుండా పెడితే అది పక్కన పడిపోతుంది. మూలం నకలుకి ధ్రువీకరణ ముద్ర, దాని వెనకే అనువాదం, రెండూ ఒకే పిన్నుకి. "మీరు ఆంధ్రోళ్లు, అక్కడికే పోండి" అని కౌంటర్ దగ్గర అన్నా బెదరొద్దు. తెలుగు మాట్లాడటం వేరు, 1950కి ముందు మీ తాత ఎక్కడున్నాడన్నది వేరు. అడగాల్సింది రెండోదే.

గడువు దాటింది అనుకుందాం. మొదటి అపీలు 30 రోజుల్లో వేయాలి. ఆలస్యానికి సరైన కారణం ఉంటే 90 రోజుల దాకా తీసుకోవచ్చు. ఆ అధికారి 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే రెండో అపీలు, దానికి 45 రోజులు. అదీ కాకపోతే రాష్ట్ర సేవా హక్కు కమిషన్‌కి 60 రోజుల్లోపు మూడో అపీలు. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి 500 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, అపీలు తొక్కిపెట్టిన మొదటి అపీలు అధికారికీ అంతే.

చూడ్డానికి మెట్లు బాగున్నాయి. మరి మూడు మార్కులే ఎందుకు? మొదటి అపీలు పోయేది అదే ఆఫీసు గోడ అవతల కూర్చున్న పై అధికారికి. పొద్దున ఇద్దరూ కలిసి చాయ్ తాగుతారు, మధ్యాహ్నం ఒకరి మీద ఒకరు జరిమానా వేయాలి. పైగా అపీలు వేయాల్సిన భారం జనం మీదే. హరియాణా 2021లో దానంతట అదే అపీలు అయ్యే పద్ధతి తెచ్చింది. గడువు దాటిన మరుక్షణం దరఖాస్తు దానికదే పై అధికారి లాగిన్‌కి పోతుంది, దరఖాస్తుదారు ఇంటి దగ్గరే ఉంటాడు. మహారాష్ట్ర పోర్టల్‌లో ప్రతి దరఖాస్తుకీ తేదీ ఉంది, గడువు ఉంది, అధికారి పేరు ఉంది. ఇంకేం కావాలి? సర్కారు మారినప్పుడల్లా ఓటరు ఆశపడే పెద్ద పెద్ద సంస్కరణల్లో ఇది చాలా చిన్నది, ఖర్చు లేనిది. ఓటు అడగడానికి వచ్చిన ఏ పార్టీవాళ్లనైనా ముందు దీని గురించే అడగాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు, ఆ పూజారి దగ్గరికి మళ్లీ మనల్నే పంపే పద్ధతి పోవాలి.

ఇక జాబితాలో లేని పనులు. రోడ్డు, నీళ్లు, కరెంటు, రాని ఉద్యోగి. వీటికి ఆప్లే సర్కార్‌లోనే వేరే ఫిర్యాదు విభాగం ఉంది, 21 రోజుల్లో జవాబు ఇస్తామంటారు. జవాబు వస్తుంది కూడా. జవాబు వేరు, పరిష్కారం వేరు. "సంబంధిత శాఖకు పంపాము" అని రాసి ఫిర్యాదు మూసేస్తారు, స్క్రీను మీద పచ్చరంగులో "నికాలీ" అని కనబడుతుంది. నికాలీ అంటే తేలిపోయింది అని. గుంత మాత్రం గుంతగానే ఉంటుంది. కాబట్టి ఫిర్యాదులో ఒకే పని, ఒకే చోటు, కిలోమీటరు రాయి నంబరు, రెండు ఫోటోలు, ఏం కావాలో ఒక్క వాక్యం. "మా ఊరి సమస్యలు" అని పది కలిపితే అందులో తేలికైన ఒకదానికి జవాబు రాసి పదీ మూసేస్తారు.

దీనికన్నా లోక్‌శాహీ దిన్, అంటే అధికారులు జనం అర్జీలు నేరుగా వినే రోజు, మేలు. జిల్లాలో నెల మొదటి సోమవారం కలెక్టర్ దగ్గర జరుగుతుంది, సెలవైతే మర్నాడు. అంతకంటే ముందు తాలూకా స్థాయిలో చెప్పుకుని ఉండాలి. అర్జీ నమూనా ఫారంలో, రెండు ప్రతుల్లో, 15 రోజుల ముందు ఇవ్వాలి. ఎక్కువమంది అర్జీలు ఇక్కడే వీగిపోతాయి: సోమవారం పొద్దున చేతిలో తెల్లకాగితంతో పోతారు. సొంత సమస్యే తీసుకుంటారు, సంఘం లెటర్‌హెడ్ మీద రాస్తే తీసుకోరు. కోర్టులో ఉన్నది, రెవెన్యూ అపీలులో ఉన్నది, ఉద్యోగుల సర్వీసు విషయం, ఇదివరకే ఆఖరి జవాబు వచ్చినది తీసుకోరు. ఇవన్నీ దాటితే మాత్రం సంబంధిత శాఖవాళ్లందరూ ఒకే గదిలో ఉంటారు, "అది మా శాఖ కాదు" అనడానికి వీలుండదు. పదికి ఏడు వేయొచ్చు. సిరొంచ నుంచి పోవడానికయ్యే ఖర్చు కలుపుకుంటే ఆరు.

భాష సంగతి. దీన్ని చాలామంది తలకిందులుగా అర్థం చేసుకున్నారు. ఫిర్యాదు తెలుగులో రాస్తే చెల్లదనుకుంటారు, చెల్లుతుంది. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం కష్టం చెప్పుకునే విన్నపం కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇవ్వొచ్చు. జవాబు తెలుగులోనే రావాలని అందులో లేదు, అందుకే వెనక అయిదు వరసల మరాఠీ సారాంశం పెడితే పని నడుస్తుంది. సమాచార హక్కు మాత్రం అలా కాదు. ఆ చట్టం ఆరో సెక్షన్ ఇంగ్లిష్, హిందీ, లేదా ఆ ప్రాంత అధికార భాష అంటుంది, అంటే ఇక్కడ మరాఠీ. తెలుగులో రాస్తే తోసేయొచ్చు. అదే సెక్షన్‌లో ఇంకోటి ఉంది: రాయలేనివాళ్లు నోటితో అడిగితే సమాచార అధికారి దాన్ని రాతలో పెట్టడానికి సాయం చేయాలి. ఇంకో సంగతి: జిల్లాలోగానీ తాలూకాలోగానీ 15 శాతం మంది మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నోటీసులు, నియమాలు అనువదించాలని భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో ఉంది. తెలుగు ఆ గీత దాటిన తాలూకాల్లో తెలుగు బోర్డు ఎందుకు లేదని గ్రామసభలో ఠరావ్ (తీర్మానం) చేసి పంపడం తప్పేం కాదు, అడిగినవాళ్లే తక్కువ.

సమాచార హక్కు ఫారం నింపడంలో మహారాష్ట్రకు రెండు సొంత నియమాలున్నాయి. అడిగేది 150 మాటలు దాటకూడదు, ఒక అర్జీలో ఒకే విషయం. రుసుము 10 రూపాయలు. తేలికగా దొరికేది కోర్టు ఫీజు స్టాంపు, దాన్ని ఫారం మీద అంటిస్తే సరి. దారిద్ర్యరేఖ దిగువవాళ్లకు లేదు, కార్డు నకలు పెట్టాలి. కాపీకి పేజీకి 2 రూపాయలు. గడువు 30 రోజులు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలు. వేరే ఆఫీసుదైతే అయిదు రోజుల్లో వాళ్లే పంపాలి, మిమ్మల్ని తిప్పకూడదు. గడువు దాటాక ఇస్తే కాపీలకు డబ్బు తీసుకోకూడదు.

"మా ఊరి రోడ్డు ఎందుకు వేయలేదు?" అని రాస్తే "సమాచారం అందుబాటులో లేదు" అని వస్తుంది, వాళ్ల తప్పేం లేదు. "ఎందుకు"కి కాగితం ఉండదు. ఉన్న కాగితాన్ని పేరుపెట్టి అడగాలి: ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరికి రోడ్డు పనికి, ఫలానా సంవత్సరంలో, అంచనా ప్రతి, పని ఉత్తర్వు, కొలతల పుస్తకం పేజీలు, చెల్లించిన బిల్లుల ప్రతి, పని పూర్తయిన సర్టిఫికెట్. ఈ అయిదింటిలో ప్రాణం కొలతల పుస్తకం, మరాఠీలో మోజ్‌మాప్ పుస్తికా. రోడ్డు పొడుగు, వెడల్పు, మందం అందులో ఇంజనీరు చేత్తో రాసి సంతకం పెడతాడు. టేపు తీసుకుని రోడ్డు మీద కొలిచి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. వ్యక్తిగత సమాచారం అన్న మినహాయింపుని 2023 డేటా రక్షణ చట్టం ఇంకా వెడల్పు చేసింది, కాబట్టి ఉద్యోగుల పేర్లు, లబ్ధిదారుల ఇళ్ల వివరాలు అడిగేకన్నా పని, డబ్బు, కొలత అడగడం లాభం. కాపీల ఖర్చు ఎక్కువైతే రికార్డు చూడటానికే అర్జీ పెట్టండి. జిల్లా స్థాయి ఆఫీసుల్లో, స్థానిక సంస్థల్లో సోమవారం మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా రికార్డు చూపించాలని 2018లో ఉత్తర్వు వచ్చింది. పోయేటప్పుడు దాని ప్రతి జేబులో ఉంటే మంచిది.

జవాబు రాకపోతే అదే ఆఫీసులోని పై అధికారికి 30 రోజుల్లో మొదటి అపీలు, 20 రూపాయల స్టాంపుతో. తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కి, మళ్లీ 20. గడ్చిరోలి, చంద్రపూర్ వాళ్లకు నాగపూర్ బెంచి, నాందేడ్ వాళ్లకు ఛత్రపతి శంభాజీనగర్, అంటే పాత ఔరంగాబాద్. సమాచార అధికారికి రోజుకు 250, మొత్తం 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కి ఉంది. కానీ రెండో అపీలు ఎన్ని రోజుల్లో తేల్చాలో చట్టంలో లేదు. అక్కడ కుప్పలు పేరుకోవడానికి మూలం అదే. కేంద్ర చట్టానికి ముందే, 2002లోనే సొంత సమాచార హక్కు తెచ్చుకున్న రాష్ట్రం ఇది, దాని కోసం అన్నా హజారే నిరాహార దీక్షలు చేశారు. ఇక్కడి కమిషన్ ఇలా నడవడం మాత్రం మింగుడు పడదు.

పోచ్ గురించి. పోచ్ అంటే అందినట్టు ముద్ర. ఏ అర్జీ అయినా రెండు ప్రతులు తీసుకుపోండి. ఆవక్ (వచ్చే కాగితాలు తీసుకునే) కౌంటర్‌లో ఒకటి ఇచ్చి రెండో దాని మీద ముద్ర, తేదీ, ఆవక్ నంబరు, మూడూ వేయించుకోండి. అక్కడ మాట ఇలా నడుస్తుంది:

"అన్నా, పోచ్ కొట్టియ్యండి."

"సాహెబ్ లేడు బాపూ, సోమవారం రా."

"సాహెబ్ సంతకం వద్దన్నా, ఆవక్ నంబరే వెయ్యండి."

ఆవక్ ముద్రకి సాహెబ్ అక్కర్లేదు, గుమస్తా చాలు. అయినా వేయకపోతే వాదించకుండా పోస్టాఫీసుకి నడవండి, స్పీడ్‌పోస్టు చేసి స్లిప్పు, డెలివరీ అయినట్టు ఆన్‌లైన్‌లో వచ్చిన ప్రింటు పిన్ను కొట్టుకోండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్‌పోస్టులోనే కలిపేశారు, "రిజిస్టరే కావాలి" అని పట్టుబట్టొద్దు. ముద్రలో నంబరు లేకుండా ఒట్టి సంతకం పెట్టిస్తే అది ఆరు నెలల తర్వాత ఎవరిదో ఎవరికీ గుర్తుండదు.

లంచం అడిగితే ఏసీబీ 1064. తెలంగాణ ఏసీబీ నంబరూ 1064నే, నది ఒడ్డున అవతలి టవరు పట్టుకుంటే అటు పోవచ్చు, ముందే "మహారాష్ట్ర నుంచి" అని చెప్పండి. ఇచ్చేశాక తీరిగ్గా చెబుదాం అనుకోకండి. 2018 సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడూ నేరస్తుడే, బలవంతం మీద ఇచ్చానని ఏడు రోజుల్లోపు చెప్పుకుంటేనే రక్షణ. లోకాయుక్త గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 1971 చట్టంతో దేశంలో మొదట పెట్టిన రాష్ట్రం ఇదే అయినా ఆ చట్టం కింద అది సిఫారసు చేయగలదు, శిక్షించలేదు.

చివరికి గ్రామసభ, అందరూ తేలిగ్గా తీసుకునేది. గడ్చిరోలి జిల్లాలోనే ధానోరా తాలూకా మేంఢా అనే గోండు ఊరు 2009లో అడవి మీద సామూహిక హక్కు సాధించింది, తర్వాత తన వెదురు తనే అమ్ముకుంది. "దిల్లీ ముంబైలో మా సర్కారు, మా ఊళ్లో మేమే సర్కారు" అన్నది వాళ్ల మాట. సిరొంచ, అహేరి కూడా రాజ్యాంగం అయిదో షెడ్యూలు (ఆదివాసీ ప్రాంతాల) తాలూకాలే, అలాంటి చోట్ల గ్రామసభకు అధికారాలిచ్చే 1996 పెసా చట్టం ఇక్కడా వర్తిస్తుంది. మామూలు పంచాయతీల్లోనూ ఏడాదికి నాలుగు సభలు తప్పనిసరి, ఎక్కువగా జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2న పెడతారు. కోరం 15 శాతం ఓటర్లు లేదా వంద మంది, ఏది తక్కువైతే అది. పోయేముందు ఈ-గ్రామ్‌స్వరాజ్ సైటులో రాష్ట్రం, జిల్లా, తాలూకా, పంచాయతీ, సంవత్సరం ఎంచుకుంటే 15వ ఆర్థిక సంఘం డబ్బులో ఏ పనికి ఎంత కట్టారో వరసగా కనిపిస్తుంది. 2025-26 దాకా వచ్చిన ఆ డబ్బులో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికే కట్టడి, 40 శాతమే పంచాయతీ ఇష్టం. ప్రింటు తీసి పట్టుకుపోతే సభ నడక మారుతుంది. "ఈ బోరు ఎక్కడ వేశారు" అని ఒక్కరు అడిగినా సర్పంచి, గ్రామ పంచాయత్ అధికారి (పాత గ్రామసేవక్) రిజిస్టరు తెరవక తప్పదు.

సభలో హాజరు సంతకం పెట్టేటప్పుడు పేజీ తిప్పి చూడండి. ఠరావులు ఇంకా రాయకుండా హాజరు కాగితం ఒక్కటే తిప్పుతుంటే, సంతకం పక్కన టైము వేయండి. ఠరావులు రాశాక ఆఖరి వరస కింద అడ్డగీత కొట్టించండి. గీత కింద ఖాళీ వదిలిన పేజీలో ఆ రాత్రి ఇంకో ఠరావు పుట్టొచ్చు, దాని కింద మీ సంతకమే ఉంటుంది.